రకం, ఊరు, ఏడు: చిత్తూరు మామిడిని ధరకు తగ్గట్టు కొనడం

మామిడిపండ్ల బండి దగ్గర మనం అడిగే ప్రశ్న ఒకటే: "తియ్యగా ఉంటాయా?" ఉండవని చెప్పిన వ్యాపారి తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఇంతవరకు పుట్టలేదు. "చక్కెర మాదిరి ఉంటాది సార్, తినే చెప్పండి" అంటాడు. కోసి చేతిలో పెట్టే ముక్క ఎప్పుడూ బాగానే ఉంటుంది, ఆ ముక్క కోసమే ఆ పండును పక్కన పెట్టుకొని ఉంటాడు కాబట్టి. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఇది ఏ రకం? ఏ ఊరి తోటది? ఆ పక్క ఈ ఏడు పూత ఎప్పుడొచ్చింది? ఈ మూడూ తెలిస్తే, చెప్పిన ధర పెట్టొచ్చా లేదా అన్నది మనకే తెలిసిపోతుంది.

యూరప్‌లో రెడ్ వైన్ కొనే తెలివైనవాళ్ళు చేసేది ఇదే. ఏడుకొండల నీడలో కూచొని వైన్ ఉదాహరణ ఎత్తుకోవడం కొందరికి నచ్చకపోవచ్చు. తాగమని చెప్పడం లేదు, బేరం నేర్చుకుందామంటున్నాను. 1855లో పారిస్ ప్రదర్శన కోసం ఫ్రాన్స్‌లోని బోర్డో వ్యాపారులు తమ ప్రాంతపు పేరుమోసిన ఎర్ర వైన్ తోటలను ఐదు తరగతులుగా విడదీశారు. రుచి చూసి మార్కులు వేశారనుకుంటాం. లేదు, ఏ తోట సరుకు ఎంత ధర పలుకుతోందో చూసి వరస పెట్టారు. ధర ఎక్కువ కాబట్టి మొదటి తరగతి, మొదటి తరగతి కాబట్టి ధర ఎక్కువ. ఆ జాబితా ఇప్పటికీ నడుస్తోంది. రెండో తరగతిలో ఉన్న మూతోన్ రోత్‌షీల్డ్ 1973లో మొదటి తరగతికి ఎక్కడం అందులో పెద్ద విశేషం. జేబు చూసుకొని కొనేవాళ్ళు ఆ జాబితా జోలికి పోరు. బోజోలేలో గమే ద్రాక్షతో చేసినదో, దక్షిణ రోన్ లోయలో గ్రెనాష్‌తో చేసినదో, పోర్చుగల్‌లో దావ్ ప్రాంతపుదో వెతుక్కుంటారు. తర్వాత సీసా మీద సంవత్సరం చూస్తారు. బోర్డోకు 2009, 2010 గొప్ప ఏళ్ళు, 2013 బలహీనమైన ఏడు. ఇదంతా చూశాకే జేబులో చెయ్యి పెడతారు.

మనకు అట్లాంటి జాబితా కాగితం మీద లేదు గానీ మనసుల్లో ఉంది. అందులో మొదటి తరగతి బంగినపల్లి. చిత్తూరు పక్క దాన్ని బేనీషా అంటారు. పీచు లేదు, తొక్క పలచన, కండ మందం, నాలుగు రోజులు నిలవుంటుంది. ఇన్ని గుణాలున్న పండుకు పేరు రావడంలో తప్పేమీ లేదు. చిక్కు పేరు వచ్చాక మొదలైంది. 2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అయితే ఆ గుర్తింపు పరిధి ఒక్క బంగినపల్లి చుట్టుపక్కలకే కాదు, రాయలసీమ, కోస్తా జిల్లాలతో పాటు తెలంగాణలోని కొన్ని జిల్లాలకూ ఉంది. మరుసటి ఏడు అల్ఫాన్సోకు వచ్చిన గుర్తింపు కొంకణంలోని ఐదు జిల్లాలకే పరిమితం. కాబట్టి మన దగ్గర ఆ పేరు రకాన్ని చెబుతుందే తప్ప ఊరిని చెప్పదు. ఏప్రిల్ మొదట్లో తిరుపతి వీధుల్లో పసుపచ్చగా మెరిసే ప్రతిదీ బంగినపల్లే. వాటిలో ఎన్ని టెంక గట్టిపడకముందే కోసినవో కొరికితే గానీ తెలియదు.

అల్ఫాన్సో మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న రహస్యం. ఈ ప్రాంతంలో ఖాదర్ పేరుతో అమ్మేది ఆ రకమే. కొంకణంలో సముద్రపు గాలికి పెరిగిన కాయకూ, చిత్తూరు ఎండకు ఎర్రనేలలో పెరిగిన కాయకూ వాసనలో తేడా ఉంటుంది, కాదనను. ఆ తేడాకు డజను మీద అంత డబ్బు పెట్టాలా అన్నది ఎవరి లెక్క వారిది. నేనైతే పెట్టను. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఆ రకానికి లోపల కండ తెల్లగా, స్పాంజిలా పులిసిపోయే జబ్బుంది. పైకి ఏమీ కనబడదు. కొంకణపు పెట్టెలో వచ్చినా, దామలచెరువు మండీలో కొన్నా ఆ గుణం వెంటే వస్తుంది. కాబట్టి ఖాదర్‌ను పెట్టెలకు పెట్టెలు కొనకూడదు, నాలుగు కోసి చూసి కొనాలి.

ఇమాంపసంద్, మల్గోవా వేరే కథ. ఇవి రెండూ పిసినారి చెట్లు. ఆకు నిండుగా ఉంటుంది, కాపు పలచన. రైతుకు ఎకరాకు వచ్చే కాయే తక్కువైనప్పుడు కిలో ధర ఎక్కువ ఉండక తప్పదు. వైన్‌లో పినో న్వార్ ద్రాక్షకూ ఇదే జాతకం. తొక్క పలచన, నఖరాలెక్కువ, ధర ఆకాశంలో. ఈ రెండు మామిళ్ళకూ పెట్టే డబ్బు వృథా అనను, వాటి రుచి దేనికీ రాదు. కానీ వీటిని కళ్ళతో కొనకూడదు. బాగా పండినా ఇమాంపసంద్ తొక్క చాలావరకు ఆకుపచ్చగానే ఉంటుంది, మల్గోవా కూడా పూర్తిగా పసుపెక్కదు. రంగు చూసి కొనేవాళ్ళు వీటిని వదిలేసి పోతారు. సాయంత్రం బండి సర్దుకునే వేళకు మిగిలేవి కూడా ఇవే. మెత్తదనం, తొడిమ దగ్గర వాసన తెలిసినవాళ్ళకు ఇంతకంటే మంచి బేరం ఉండదు.

మల్గోవా వంశానికి ఇంకో చిత్రమైన చరిత్ర ఉంది. 1889లో ఇండియా నుంచి అమెరికాలోని ఫ్లోరిడాకు పంపిన మొక్కల్లో ఒక మల్గోవా బతికింది. దాని టెంక నుంచి హేడెన్ అనే ఎర్రబుగ్గల మామిడి పుట్టింది. హేడెన్ సంతతి నుంచి టామీ అట్కిన్స్ వచ్చింది. ఈనాడు అమెరికా, యూరప్ సూపర్‌మార్కెట్లలో కనబడే ఎర్రని మామిడి ఎక్కువగా ఆ కుటుంబమే. రంగు అద్భుతం, ఓడల్లో వారాల తరబడి ప్రయాణం చేసినా చెక్కుచెదరదు, రుచిలో మాత్రం తాతగారి జాడ కనబడదు. అక్కడి తెలుగువాళ్ళు మే నెలలో విమానంలో దిగే బంగినపల్లి పెట్టెకు మారు మాట్లాడకుండా డబ్బు కట్టడానికి కారణం ఇదే. 2007లో అమెరికా మన మామిడికి తలుపు తెరిచింది, పురుగు పోవడానికి రేడియేషన్ పెట్టాలన్న షరతు మీద. విమానం ఖర్చు, రేడియేషన్ ఖర్చు, బెంగ ఖర్చు అన్నీ ఆ పెట్టె ధరలోనే ఉంటాయి.

ఇక నేను చెప్పదలచుకున్న పండు దగ్గరికి వస్తాను. నీలం.

కాయ చిన్నది, ఆకారంలో అందగత్తె కాదు, వచ్చేది అందరికీ మామిడి మొహం మొత్తాక, జూన్ చివర, జూలైలో. పెళ్ళిళ్ళ హడావుడి అయిపోయి, పిల్లలు బడికి పోతూ, ఊరగాయ జాడీలు అటకెక్కిన కాలం. ఆ సమయంలో కొనేవాడు తక్కువ, సరుకు ఎక్కువ. అందుకే ధర బేనీషా ధరకు చాలా కింద ఉంటుంది. వాసనకు మాత్రం నీలం చాలా పెద్దవాళ్ళను దాటిపోతుంది. బుట్టెడు పండ్లు ఇంట్లో పెడితే వీధిలోకి తెలుస్తుంది. చెట్టు కూడా నమ్మకమైనది, ఒక ఏడు కాసి ఒక ఏడు అలిగే రకం కాదు, ఏటా కాస్తుంది. అందుకే శాస్త్రజ్ఞులు కొత్త రకాలు పుట్టించాలనుకున్నప్పుడల్లా నీలం గడప తొక్కారు. ఢిల్లీలో నీలానికీ దశేరికీ సంకరం చేస్తే మల్లిక వచ్చింది, అదే జంటను అటుదిటు చేస్తే ఆమ్రపాలి వచ్చింది. నీలాన్ని అల్ఫాన్సోతో కలిపి కొంకణంలో రత్న పుట్టించారు. ఇంత గొప్ప ఇళ్ళకు సంబంధాలిచ్చిన పండు బండి మీద ఎందుకు చవకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అర్థం కానంత కాలం నాకే లాభం.

లోపం చెప్పకపోతే అది విశ్లేషణ కాదు, ప్రకటన అవుతుంది. నీలంలో టెంక పురుగు ఎక్కువ. పైకి నున్నగా ఉంటుంది, టెంక పగిలితే లోపల ముక్కుపురుగు కూచొని ఉంటుంది. కండను పెద్దగా పాడుచేయదు గానీ చూసినవాళ్ళ ఆకలిని పాడుచేస్తుంది. వానలు మొదలయ్యాక పండు ఈగ కూడా చేరుతుంది. తొక్క మీద సూదిపోటు లాంటి మచ్చ, దాని చుట్టూ మెత్తబడిన చోటు కనబడితే ఆ కాయ వద్దు. వాసన చూసి, నొక్కి, ఒక్కొక్కటే ఏరుకోవాలి. బేనీషాలా గంపగుత్తగా తీసుకోకూడదు.

తోతాపురి గురించి రాయకుండా చిత్తూరు మామిడి గురించి రాయలేం, ఎందుకంటే ఇక్కడి తోటల్లో పెద్ద వాటా దానిదే. చిలకముక్కు కాయ. పచ్చిది కోసి ఉప్పూకారం చల్లితే బస్టాండులో దానికి సాటి లేదు. పండిన తర్వాత బల్ల మీద పెట్టే పండు మాత్రం కాదు, అట్లా అనుకొని కొనేవాడు మోసపోతాడు. దాని రాజ్యం ఫ్యాక్టరీలో. కండ మందం, టెంక పలచన, ఏటా కాపు, తీపికి తగ్గ పులుపు. గుజ్జు వ్యాపారంలో తోతాపురికి బ్రిక్స్ కనీసం 14 ఉండాలంటారు, అల్ఫాన్సోకైతే 16. బ్రిక్స్ అంటే నూరు పాళ్ళ రసంలో దాదాపు ఎన్ని పాళ్ళు చక్కెర అన్న లెక్క. చిత్తూరు చుట్టూ ఉన్న గుజ్జు ఫ్యాక్టరీల నుంచి డబ్బాల్లో గల్ఫ్‌కూ యూరప్‌కూ పోయేది, మన శీతలపానీయం సీసాల్లో మామిడి పేరుతో దొరికేది ఎక్కువగా ఇదే. సీసా మీద బొమ్మ మాత్రం అల్ఫాన్సో పోలికలో ఉంటుంది. చిలకముక్కుకు ఫోటో యోగం లేదు.

ఊరి సంగతి. ఉలవపాడు బంగినపల్లి ఏప్రిల్‌లోనే అందుకుంటుంది, నూజివీడు రసాలకు వాటి అభిమానులు వాటికున్నారు, తెలంగాణలో కొల్లాపూర్ కాయకు మంచి పేరు. చిత్తూరు కాయ వీటన్నిటికంటే ఆలస్యం. బేనీషా మే నెలలో, తోతాపురి జూన్, జూలైల్లో. కాబట్టి మే రాకముందే "మన చిత్తూరు బేనీషా" అని ఎవరైనా అమ్మితే వినయంగా నవ్వి ముందుకు నడవండి. జిల్లాలో కూడా అంతా ఒకటి కాదు. ఎర్ర గరపనేలలో వానను నమ్ముకున్న తోట కాయ చిన్నదైనా తీపి చిక్కగా ఉంటుంది. కోతకు ముందు దాకా నీళ్ళు పెట్టిన తోట కాయ తూకానికి బాగుంటుంది, నాలుకకు పలచన. అందుకే కోతకు రెండు వారాల ముందు నీళ్ళు ఆపమని ఉద్యాన అధికారులు చెబుతారు. తూకం మీద అమ్ముకునేవాడికి ఆ సలహా చెవికెక్కడం కష్టం. కొనేవాళ్ళం మనం కూడా పెద్ద కాయే ఏరతాం కాబట్టి తప్పు సగం మనదే.

ఊరికంటే పెద్ద విషయం తోట ఎవరి చేతిలో ఉందన్నది. ఇక్కడ చాలా తోటలు పూత మీదో, పిందె మీదో వ్యాపారికి గుత్తకు పోతాయి. గుత్త తీసుకున్నవాడికి ఆ చెట్టుతో బంధం ఆ ఒక్క కాపుతోనే. ముందు వచ్చిన కాయకు ధర కాబట్టి ముదరకుండానే కోస్తాడు, అన్నీ ఒకేసారి దులుపుతాడు. సొంతంగా కోయించి అమ్ముకునే రైతు నాలుగు విడతల్లో కోస్తాడు. దామలచెరువు, బంగారుపాళ్యం మండీల్లో రెండు సరుకులూ పక్కపక్కనే ఉంటాయి. దారి మీద తోట ముందు గుడిసె వేసి అమ్మేవాళ్ళను "తోట మీదేనా, గుత్తకు తీసుకున్నారా?" అని అడగండి. జవాబు నిజం కాకపోవచ్చు, కానీ జవాబు చెప్పే ముందు వాళ్ళు ఆగిన ఆ క్షణం చాలావరకు నిజమే చెబుతుంది.

ఏడు అన్నది అన్నిటికంటే తక్కువగా పట్టించుకునే ప్రశ్న. వైన్ సీసా మీద సంవత్సరం ముద్రించి ఉంటుంది, మామిడికి అది మనం గుర్తుపెట్టుకోవాలి. వచ్చే వేసవి పండు రుచి ముందు నవంబరు, డిసెంబరుల్లోనే సగం తేలిపోతుంది. మామిడికి పూత రావాలంటే రెమ్మ ముదిరి ఉండాలి, నేల కాస్త ఆరాలి, రాత్రులు చల్లబడాలి. తిరుపతి, చిత్తూరులకు ఈశాన్య రుతుపవనాల వాన గట్టిగానే పడుతుంది. ఆ వాన డిసెంబరు దాకా సాగితే చెట్టు పూతకు బదులు కొత్త ఆకు వేస్తుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగిపోయిన వాన లాంటిది తోటకు అతి పెద్ద ప్రశ్న. అట్లాంటప్పుడు పూత ఆలస్యమవుతుంది, విడతలు విడతలుగా వస్తుంది. మేలో ఒకే చెట్టు మీద ముదురు కాయ, లేత కాయ కలిసి ఉంటాయి. వాటిని ఒకేసారి కోసి ఒకే పెట్టెలో పెడితే ఆ పెట్టెలో సగం చక్కెర, సగం చింతపండు. పూత సమయంలో పొగమంచూ మబ్బూ పట్టిన ఏడు బూడిద తెగులు, తేనెమంచు పురుగు పూతను మాడ్చేస్తాయి. డిసెంబరులో ఆకాశం తేటగా ఉండి, జనవరిలో తోటంతా ఒక్కసారి పూసిన ఏడు మాత్రం కళ్ళు మూసుకొని కొనొచ్చు.

ఇక్కడే వైన్‌కూ మామిడికీ దారులు విడిపోతాయి. మంచి ఏటి బోర్డో సీసా ధర పెరుగుతుంది, నేలమాళిగలో పెట్టి పదేళ్ళ తర్వాత ఇంకా ఎక్కువకు అమ్ముకుంటారు. మంచి ఏటి మామిడి ధర పడిపోతుంది, పది రోజులకు మించి పెట్టుకోలేరు. తినేవాడికి మంచి ఏడు, పండించినవాడికి చెడ్డ ఏడు. 2025లో ఇది కళ్ళారా చూశాం. కాపు విరగకాసింది. ముందేటి గుజ్జు నిల్వలు అమ్ముడుపోక ఫ్యాక్టరీలు కొనడానికి వెనకాడాయి. తోతాపురి లారీలు గేట్ల ముందు బారులు తీరాయి. చివరకు ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని లెక్క కట్టింది, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ఆ 8 కూడా సరిగా అందలేదని రైతులు వాపోయారు. ఆ జూన్‌లోనే పక్క రాష్ట్రం తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకూడదని ఆంక్ష పెట్టారు. దాంతో కోలారు జిల్లా శ్రీనివాసపురం రైతులు ఇబ్బంది పడ్డారు, కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. సరిహద్దుకు అటూ ఇటూ అదే చెట్టు, చాలాచోట్ల అదే భాష. మనం తాగే మామిడి సీసా ధర ఆ ఏడు తగ్గిన జాడ మాత్రం నాకు కనబడలేదు.

ఇప్పుడు చేతిలోకి కాయ తీసుకుందాం. ముదిరిన కాయకు తొడిమ చుట్టూ భుజాలు పైకి లేచి, తొడిమ గుంటలో దిగినట్టుంటుంది. లేత కాయకు భుజాలు జారి ఉంటాయి. బకెట్ నీళ్ళలో వేస్తే ముదురు కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. మాగబెట్టడానికి ఎథిలిన్ వాయువు వాడటం చట్టం ఒప్పుకున్న పద్ధతే, ఉత్త భయం అక్కర్లేదు. కార్బైడు మాత్రం నిషిద్ధం. దాంతో మాగిన పండుకు తొక్క ఒకే పసుపు, లోపల కండ పాలిపోయి పులుపు, వాసన సున్న. ఎథిలిన్ అయినా లేత కాయను తియ్యబరచలేదు, పసుపు మాత్రమే పూయగలదు. అందుకే నా సలహా: వీలైతే ముదిరిన పచ్చికాయ కొని ఇంట్లో వరిగడ్డిలో మాగేసుకోండి. ధర తక్కువ, నమ్మకం ఎక్కువ. పండకముందు ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చలికి దెబ్బతిన్న కాయ ఇక ఎప్పటికీ సరిగా పండదు.

జేబు చూసుకొని కొనేవాళ్ళకు నా తీర్పు ఇది. ఏప్రిల్‌లో డబ్బు దాచుకోండి. మే రెండో సగంలో, భుజాలు చూసి, రైతు దగ్గర బేనీషా ఒక పెట్టె. ఖాదర్ నాలుగు కాయలకు మించొద్దు. ఇమాంపసంద్ ఏడాదికి ఒకసారి, ఆకుపచ్చగా ఉన్నవి, సాయంత్రం పూట. మల్లిక కనబడితే వదలొద్దు. తోతాపురి పచ్చిగా, ఉప్పూకారంతో. మిగిలిన బడ్జెట్ అంతా జూలై నీలానికి. ఆ నెలలో బండివాడు చెప్పిన మొదటి ధర దగ్గర గట్టిగా బేరమాడకండి, రైతుకు చేరేది అప్పటికే తక్కువ.